నాన్న కళ్లు ఇవ్వలేకపోయాం. మీ మతంలో, మీ ఇంట్లో అవయవదానం గురించి ఏమంటారు?

కృష్ణాతీరం | ఫిబ్రవరి 3, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ నేను చదవడమే ఎక్కువ, రాసింది తక్కువ. ఈసారి రాయకుండా ఉండలేకపోతున్నాను.

డిసెంబరు చివర్లో మా నాన్న పోయారు. డెబ్బై ఆరేళ్లు. తెల్లవారుజామున నాలుగింటికి, నిద్రలోనే. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "నేను పోతే నా కళ్లు ఇచ్చెయ్యండి" అని పదేళ్లుగా అంటూనే ఉన్నారు. ఫారం కూడా నింపారు. ఆ కార్డు ఆయన పర్సులో ఆధార్ జిరాక్సు వెనక ఉంది.

తెల్లారేసరికి ఇంటినిండా జనం. ఐ బ్యాంకుకి ఫోన్ చేస్తానంటే మా పెదనాన్న అడ్డుపడ్డారు. "కళ్లు లేకుండా పంపితే పైన దారి ఎలా కనపడుతుందమ్మా వాడికి? వచ్చే జన్మలో గుడ్డివాడై పుడితే?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. నాన్నని చదివించిందే ఆయన. తమ్ముడి తల దగ్గర కూర్చుని ఏడుస్తూ అన్న మాట అది. మేనత్త కూడా ఆయన వైపే. అమ్మ ఏ మాటా చెప్పే స్థితిలో లేదు. కర్మ చేయించడానికి వచ్చిన పంతులుగారిని అడిగితే "మీ పెద్దవాళ్లు ఎలా అంటే అలాగే" అని పక్కకి తప్పుకున్నారు. అలా మాట్లాడుకుంటూ ఉండగానే పదకొండయింది. కళ్లు తీసుకోవడానికి ఉన్న ఆరు గంటల గడువు దాటిపోయింది.

అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. మతం నిజంగా వద్దంటుందా, లేక వద్దంటుందని మనం అనుకుంటున్నామా? మీ మతంలో ఏం చెబుతారు? అది కాక, మీ ఇంట్లో ఆ సమయం వచ్చినప్పుడు అసలు ఏం జరిగింది? ఈ రెండోదే ముఖ్యంగా తెలుసుకోవాలని ఉంది.

వేకువపిట్ట | ఫిబ్రవరి 3, రాత్రి 10:05

మా తాతయ్యవి ఇచ్చాం. పావుగంటలో అయిపోయింది. మొహంలో ఏ తేడా లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎవరికీ తెలియలేదు కూడా.

ఒక్క మాట. మనం ఏటా శ్రీకాళహస్తి వెళ్తాం, పక్కన కొండ మీద కన్నప్పకి దండం పెడతాం. తిన్నడు ఒక కన్ను పీకి శివుడికి పెట్టాడు, రెండోది పీకితే చోటు కనపడదని గుర్తుగా కాలు ఆనించాడు. ఆయనకి స్వర్గానికి దారి కనపడలేదని ఏ పురాణమూ చెప్పలేదు కదా. మీ పెదనాన్నగారికి ఎప్పుడైనా మెల్లగా ఈ మాట చెప్పండి.

గోదారిగట్టు | ఫిబ్రవరి 4, ఉదయం 6:30

అమ్మా, ముందు మీ నాన్నగారికి నా నమస్కారం.

నేను పౌరోహిత్యం చేసేవాణ్ణి. రాజమండ్రి. అపరకర్మలు కూడా చేయిస్తాను. మీ ఇంటికి వచ్చినాయన తప్పుకున్నారని చదివి బాధ కలిగింది, ఎందుకంటే కొన్నేళ్ల కిందట నేనూ అలాగే తప్పుకున్నాను. ఆ ఇంట్లో చిన్నవాడు నన్ను సూటిగా అడిగాడు. నలుగురూ నా నోటి వైపే చూస్తున్నారు. అవునంటే ఒక వర్గానికి కోపం, కాదంటే ఇంకో వర్గానికి. "మీ ఇష్టం" అన్నాను. ఆ మాట వద్దనడంతో సమానమని నాకు ఇంటికొచ్చాక గానీ అర్థం కాలేదు. అప్పుడు కూర్చుని చదివాను.

మీ పెదనాన్నగారి భయం గాలిలోంచి పుట్టింది కాదు. దహనాన్ని అంత్యేష్టి అంటాం, అంటే చివరి యజ్ఞం. అందులో ఆహుతి ఈ శరీరమే. ఆహుతిలో లోపం ఉండకూడదన్న భావన పాతది. అక్కడి నుంచే "ఒళ్లు చెడకుండా పంపాలి" అన్న పట్టుదల వచ్చింది.

కానీ అదే శాస్త్రంలో ఇంకో రెండు విషయాలున్నాయి. ఒకటి, శవమే దొరకనివాళ్ల సంగతి. ఏట్లో కొట్టుకుపోయినవాళ్లు, పరాయి దేశంలో పోయినవాళ్లు. వాళ్లకి మోదుగ కాడలు 360 తీసుకుని మనిషి ఆకారం కట్టి దహనం చేయమన్నారు. దాన్ని పర్ణనర దహనం అంటారు. ఒళ్లు మొత్తం లేకపోయినా గతి తప్పదని చెప్పిన శాస్త్రం, కంటి మీద పల్చటి పొర లేదని దారి మూసేస్తుందా?

రెండోది ఇంకా ముఖ్యం. గరుడ పురాణం ప్రకారం చనిపోయినవారు ప్రయాణం చేసేది మనం కాల్చిన శరీరంతో కాదు. పది రోజులూ పెట్టే పిండాలతో తల మొదలుకుని ఒక్కో అవయవం ఏర్పడుతుంది. ఆ కొత్త శరీరంతోనే నడక. అంటే మీ నాన్నగారికి చూపు ఇచ్చేది మీ ఇంట్లో పెట్టిన పిండం. కాలిపోయిన కళ్లు ఎవరికీ దారి చూపించవమ్మా, పైన ఉన్నవాళ్లకీ, ఇక్కడ ఉన్నవాళ్లకీ.

ఈ మాట నేనిప్పుడు ప్రతి ఇంట్లోనూ చెబుతున్నాను, అడగకపోయినా. పాడె కట్టకముందే చెబుతున్నాను. కొందరు ఒప్పుకున్నారు, ఎక్కువమంది ఒప్పుకోలేదు. "మీకెందుకండీ ఈ గోల" అన్నవాళ్లూ ఉన్నారు.

చార్మినార్ గల్లీ | ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 1:48

అస్సలాము అలైకుమ్, నమస్తే. మా వైపు సంగతి నిజాయితీగా చెబుతాను. మాకు ఒకే జవాబు లేదు.

సౌదీలో పెద్ద ఉలమాల (మతపండితుల) మండలి 1982లోనే చనిపోయినవారి అవయవాలు తీసుకోవచ్చని చెప్పింది. 1988లో జెద్దాలో కూర్చున్న అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ (మతధర్మశాస్త్ర) అకాడమీ షరతులతో ఒప్పుకుంది. అమ్మకూడదు, మనిషి ముందే అనుమతి ఇచ్చి ఉండాలి లేదా వారసులు ఒప్పుకోవాలి, అవతలివాడికి అది నిజంగా అవసరమై ఉండాలి. ఇరాన్‌లో 2000లో ఏకంగా చట్టమే తెచ్చారు. ఒక ప్రాణం కాపాడితే మానవజాతినంతా కాపాడినట్టే అన్న ఖురాన్ మాట (5వ సూరా) వీళ్లందరికీ ఆధారం. అత్యవసరం వస్తే నిషేధం సడలుతుందన్న సూత్రం కూడా ఉంది.

కానీ మన దగ్గర, అంటే భారత్, పాకిస్తాన్‌లలో చాలామంది ముఫ్తీలు ఇప్పటికీ వద్దనే అంటారు. శరీరం అల్లాహ్ మనకిచ్చిన అమానత్, మన సొత్తు కాదు, మన సొత్తు కానిదాన్ని దానం ఎలా చేస్తామని వాళ్ల వాదన. శవం ఎముక విరవడం బతికున్నవాడి ఎముక విరిచినట్టేనన్న హదీసు (ప్రవక్త మాట) కూడా చెబుతారు. దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. శవాన్ని కూడా నొప్పించకూడదు అనుకునే సున్నితత్వం అందులో ఉంది. గుసుల్ (శవానికి చివరి స్నానం) చేయించేటప్పుడు నీళ్లు మరీ చల్లగా, మరీ వేడిగా లేకుండా చూస్తాం కదా, అదే సున్నితత్వం.

ఇక మా ఇంటి సంగతి. మా చెల్లెలు నాలుగేళ్లుగా డయాలసిస్ మీద ఉంది. వారానికి మూడుసార్లు. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. తనకి వచ్చే కిడ్నీ ఎవరిదవుతుంది? ఏ హిందువుదో, ఏ క్రైస్తవుడిదో, ఏ ముస్లిందో. తీసుకోవడానికి వరసలో నిలబడ్డాం, ఇవ్వడానికి వచ్చేసరికి ఫత్వా అడుగుతున్నాం. ఇది నన్ను నిద్ర పోనివ్వడం లేదు. మా మసీదు ఇమామ్ సాబ్‌ని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "ఇచ్చేవాణ్ణి నేను ఆపను బేటా. ఇవ్వమని మింబర్ (మసీదు వేదిక) మీద నుంచి చెప్పడానికి మాత్రం నాకింకా ధైర్యం చాలడం లేదు" అన్నారు. అలా ఒప్పుకున్నందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

నేను మాత్రం నా పేరు రాయించాను. అమ్మీకి చెప్పాను. ఏడ్చింది. కాదనలేదు.

గంటస్తంభం | ఫిబ్రవరి 4, రాత్రి 8:20

మాది గుంటూరు, క్రైస్తవ కుటుంబం. మా వాళ్లకి పైనుంచి వచ్చిన ఆటంకం ఏమీ లేదు. కంటిపొర దానం గురించి పోప్ పన్నెండో పయస్ 1956లోనే మంచిమాట చెప్పారు. 2000లో రోమ్‌లో జరిగిన అవయవ మార్పిడి డాక్టర్ల మహాసభకి రెండో జాన్ పాల్ స్వయంగా వెళ్లి, ఇది ప్రేమతో చేసే పని అన్నారు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో కూడా పెద్ద అభ్యంతరం ఎక్కడా వినలేదు.

అయినా ఊళ్లో మా నానమ్మ లాంటివాళ్లకి ఒక భయం ఉంది. పునరుత్థాన దినాన సమాధిలోంచి లేచేటప్పుడు శరీరం నిండుగా ఉండొద్దా అని. దీనికి మా పాస్టర్‌గారు ఒక ఆదివారం చక్కగా జవాబిచ్చారు. "మొదటి శతాబ్దాల్లో విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన హతసాక్షుల్ని సింహాల ముందు పడేశారు. సమాధిలో పెట్టడానికి ఎముకలు కూడా మిగల్లేదు. వాళ్లని దేవుడు లేపలేడా? గింజ మట్టిలో కలిసిపోయాకే కదా మొక్క వచ్చేది" అన్నారు. ఆ రోజు చాలామంది ఫారాలు నింపారు. మా నాన్న, నేను కూడా.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఫారాలు నింపినవాళ్లలో తర్వాత నలుగురు పోయారు. నలుగురివీ ఇవ్వలేదు. ఎవరూ వద్దనలేదు కూడా! కార్డు బైబిల్లో ఉండిపోయింది. కొడుకు దూరంగా ఉన్నాడు. భూస్థాపనకి టైం చూడటం, పెట్టె తెప్పించడం, షామియానా, భోజనాలు. ఆ హడావిడిలో గుర్తొచ్చేసరికి సాయంత్రమైంది. నాలుగో ఇంట్లో అది జరిగినప్పుడు నేనే ఉన్నాను. ఫారం మీద పక్కన సాక్షి సంతకం నాదే. నాకూ గుర్తు రాలేదు. కృష్ణాతీరం గారూ, మీరు కనీసం ఫోన్ తీశారు. నేను అది కూడా చేయలేదు.

ఆరో వార్డు | ఫిబ్రవరి 5, తెల్లవారుజామున 2:15

నైట్ డ్యూటీలో చదువుతున్నాను. పద్నాలుగేళ్లుగా నర్సుని, గత ఆరేళ్లుగా అవయవదానం కోఆర్డినేటర్ని. ప్రభుత్వ ఆసుపత్రి.

ముందు ఒక తేడా చెప్పాలి, ఇక్కడ రెండూ కలిసిపోతున్నాయి. కళ్లు చాలావరకు ఎలా చనిపోయినా, ఇంట్లో పోయినా ఇవ్వొచ్చు, కొన్ని అంటురోగాలు తప్ప. ఆరు గంటల లోపు. శుక్లాల ఆపరేషన్ అయినా, షుగర్ ఉన్నా, ఎనభై ఏళ్లున్నా పర్వాలేదు. ఐ బ్యాంకువాళ్లే ఇంటికి వస్తారు. వాళ్లు వచ్చేదాకా ఫ్యాన్ ఆపేయండి, ఏసీ ఉంటే వేయండి. కనురెప్పలు మూసి పైన తడి దూది పెట్టండి. తల కింద దిండు పెట్టండి. కార్డు లేకపోయినా ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే చాలు. కార్డు ఉన్నా ఇంట్లోవాళ్లు వద్దంటే ఎవరూ తీసుకోరు.

గుండె, కాలేయం, కిడ్నీలు వేరు. అవి సాధారణంగా బ్రెయిన్ డెత్ (మెదడు పూర్తిగా, తిరిగి రాకుండా ఆగిపోవడం) అయినవాళ్ల దగ్గరే సాధ్యం. ఎక్కువగా బైక్ యాక్సిడెంట్లు. వెంటిలేటర్ మీద ఉంటారు. ఛాతీ లేస్తూ పడుతూ ఉంటుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది, మానిటర్ మీద గుండె గీత నడుస్తూ ఉంటుంది. ఆ తల్లికి వెళ్లి "మీ అబ్బాయి చనిపోయాడమ్మా" అని చెప్పాలి.

మనం దింపుడు కళ్లం దగ్గర పాడె దించి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచే జాతి. శ్మశానం దారిలో కూడా లేస్తాడేమో అని ఆశపడతాం. అలాంటిది గుండె కొట్టుకుంటున్న బిడ్డ పోయాడంటే ఏ తల్లి నమ్ముతుంది? దాన్ని మూఢనమ్మకం అని నేనెప్పుడూ అనను. అందుకే 1994 అవయవ మార్పిడి చట్టంలో జాగ్రత్తలు పెట్టారు. నలుగురు డాక్టర్ల బృందం పరీక్షించాలి. కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు. వాళ్లెవరూ అవయవాలు మార్చే బృందంలో ఉండకూడదు. నేను ఆ తల్లుల్ని రెండో పరీక్షకి దగ్గరుండమంటాను. వెంటిలేటర్ ఆపి, వాడు తనంతట తాను ఊపిరి తీసుకుంటాడేమో అందరం కళ్లార్పకుండా చూసే ఆ కొన్ని నిమిషాలు ఉంటాయి కదా, అదే మా ఆసుపత్రిలో దింపుడు కళ్లం.

ఇక మతం గురించి. ఇన్నేళ్లలో నన్ను "మా గ్రంథంలో ఏముంది" అని అడిగినవాళ్లు అరుదు. "మా పంతులుగారికి ఫోన్ చేస్తాం", "పాస్టరయ్యగారిని అడగాలి", "హజ్రత్‌ని అడిగి చెప్తాం" అంటారు. ఫోన్ అవతల ఆయన అరనిమిషంలో ఏమంటే అదే జరుగుతుంది. గోదారిగట్టు గారి లాంటివారు అవతల ఉంటే చాలు, నా పని సగం అయిపోతుంది.

తాటితోపు | ఫిబ్రవరి 5, ఉదయం 9:40

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు చెబుతాను. నేను ఇవ్వను. నమ్మకం వల్ల కాదు, నమ్మకం లేకపోవడం వల్ల. కిడ్నీ రాకెట్ల వార్తలు ఎన్ని చదవలేదు? మా బంధువుల అబ్బాయిని ఒక పెద్ద ఆసుపత్రిలో మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. నాలుగో రోజు బిల్లుతో పాటు దానం ఫారం కూడా తెచ్చి చేతిలో పెట్టారు. వాడి నాన్న ఆ రెండు కాగితాలూ చూసి అక్కడే కూలబడిపోయాడు. ఆయనకి మీరు శిబి చక్రవర్తి కథ చెబితే ఏం లాభం?

బోధిచెట్టు | ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 12:30

తాటితోపు గారి మాట పక్కన పెట్టేది కాదు. నేను దానికి ఇంకొకటి కలుపుతాను.

మా ఇంట్లో మా తాత కాలం నుంచి బౌద్ధం. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ దీక్ష తీసుకున్న వార్త విని మారిన కుటుంబం. శిబి కథ మాదే అనుకుంటాం మేము. శిబి జాతకంలో (బుద్ధుడి పూర్వజన్మ కథల్లో ఒకటి) రాజు గుడ్డివాడికి తన రెండు కళ్లూ ఇస్తాడు. పావురం కోసం తొడ మాంసం ఇచ్చే కథ నాగార్జునకొండ శిల్పాల్లోనూ ఉంది. దాన పారమిత (దానంలో పరిపూర్ణత) అంటే ఇదే అని పిల్లలకి చెబుతాం.

ఈ కథని ఒక దేశం నిజంగా పట్టుకుంది. శ్రీలంకలో హడ్సన్ సిల్వా అనే యువ డాక్టర్ 1961లో నేత్రదాన సంఘం పెట్టాడు. తన సొంత తల్లి కళ్లతో మొదలుపెట్టాడు. భిక్షువులు విహారాల్లో చెప్పారు, జనం విన్నారు. చిన్న దేశం, తన అవసరం తీరాక మిగిలినవి ఎన్నో దేశాలకి పంపింది. 1964లో సింగపూర్‌తో మొదలైంది. భిక్షువు ఇంటికొచ్చి పాంసుకూలం వస్త్రం తీసుకునే ఆచారం ఉన్నట్టే, కళ్లు ఇవ్వడం కూడా అక్కడ చావు పనుల్లో ఒకటైపోయింది. బౌద్ధులందరూ ఇలాగే ఉన్నారని కాదు. టిబెటన్ సంప్రదాయంలో, చైనా వైపు కొన్ని శాఖల్లో, ఊపిరి ఆగాక కొన్ని గంటలు శవాన్ని ముట్టుకోకూడదంటారు. చైతన్యం ఇంకా వదిలి వెళ్లదని నమ్మకం. వాళ్లకి ఆరు గంటల గడువే సమస్య.

కానీ మన దగ్గర నా బాధ వేరు. ఎవరి శరీరం, ఎవరికి వెళ్తోంది? మెడికల్ కాలేజీ బల్ల మీద తరతరాలుగా పడుకున్నవి ఎవరూ అడగని శవాలు. రోడ్డు పక్కన పోయిన కూలీలు, బిచ్చగాళ్లు. వాళ్లు దానం చేయలేదు, వాళ్లని ఎవరూ అడగలేదు. ఇప్పుడు బైక్ యాక్సిడెంట్లో పోయేది ఎక్కువగా డెలివరీ కుర్రాళ్లు, మేస్త్రీలు, ఆటో నడిపేవాళ్లు. వాళ్ల కాలేయం లక్షలు కట్టగలిగినవాడికి వెళ్తోంది. దానం పుణ్యం అని చెప్పే ప్రతి మతపెద్దా ఈ ప్రశ్న కూడా అడగాలి. దానం చేసిన కుటుంబానికి రేపు కిడ్నీ కావాల్సి వస్తే దొరుకుతుందా?

ఆరో వార్డు | ఫిబ్రవరి 5, రాత్రి 7:55

తాటితోపు గారూ, బిల్లూ ఫారమూ ఒకే చేత్తో ఇవ్వడం తప్పు. ఘోరమైన తప్పు. బిల్లుల మనిషి ఆ గదిలోకే రాకూడదు. బ్రెయిన్ డెత్ అని రెండోసారి నిర్ధారణ అయ్యాక, కుటుంబం ఆ సంగతి గ్రహించాక మాత్రమే మేము మాట్లాడాలి. మీ బంధువులకి జరిగినదానికి నా దగ్గర సమర్థింపు లేదు.

బోధిచెట్టు గారూ, నిజమే. మార్పిళ్లు ఎక్కువగా ప్రైవేటులోనే జరుగుతున్నాయి. నిమ్స్‌లో, ఉస్మానియాలో కిడ్నీ మార్పిళ్లు జరుగుతున్నాయి గానీ అవసరం ముందు అవి చాలవు. నా చేతుల మీదుగా వెళ్లిన ప్రతి అవయవం ఎక్కడికి వెళ్లిందో నాకు తెలుసు. అందుకే మీ ప్రశ్నకి నా దగ్గర కూడా జవాబు లేదు.

మల్లెపందిరి | ఫిబ్రవరి 6, ఉదయం 11:10

చనిపోయినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. బతికుండి ఇచ్చినదాన్ని నేను.

ఏడేళ్ల కిందట మా ఆయనకి కిడ్నీ ఇచ్చాను. ఇద్దరం బాగున్నాం. ఇచ్చినందుకు ఏ రోజూ బాధపడలేదు. కానీ నన్ను ఎవరూ అడగలేదు. మా అత్తగారు, మా అమ్మ, ఇద్దరూ ఒకే మాట అన్నారు, "నీ పసుపుకుంకుమలు నీ చేతిలోనే ఉన్నాయి" అని. మా ఆయన తమ్ముళ్లు ఇద్దరున్నారు, వాళ్ల పేరు ఒక్కరూ ఎత్తలేదు. సావిత్రి కథ, సుమతి కథ అన్నీ నాకే చెప్పారు. ఆసుపత్రిలో కమిటీవాళ్లు "మీ ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా" అని అడిగారు. అవునన్నాను. తలుపు బయట అందరూ కూర్చున్నారు, ఇంకేమంటాను?

మన దేశంలో బతికుండి ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, తీసుకునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. ఆ వార్డులో నేను కళ్లారా చూశాను. మా వరసలో ఐదు మంచాలు. ఇచ్చిన ఐదుగురం భార్యలమో తల్లులమో. చార్మినార్ గల్లీ భాయ్, మీ చెల్లెలికి ఇంట్లో ఎవరైనా ఇస్తామన్నారా? ఏమీ అనుకోవద్దు, తప్పుగా అడగడం లేదు.

చార్మినార్ గల్లీ | ఫిబ్రవరి 6, మధ్యాహ్నం 2:02

అక్కా, ఎందుకు అనుకుంటాను. నాది బ్లడ్ గ్రూపు కలవలేదు. అమ్మీకి షుగర్. మా బావగారిది కలుస్తుందని డాక్టర్ అన్నారు. ఆయన టెస్టులకి ఇంకా వెళ్లలేదు. రెండేళ్లయింది. చెల్లెలు ఆయన్ని ఒక్క మాట కూడా అననివ్వదు.

మీరు రాసింది ఇంట్లో చదివి వినిపించాను.

నల్లమల | ఫిబ్రవరి 7, రాత్రి 9:30

మాది దేవుణ్ణి నమ్మని ఇల్లు. నాన్న పార్టీ మనిషి. దేహాన్ని మెడికల్ కాలేజీకి ఇవ్వాలని రాసి పెట్టారు, ఇచ్చాం. ఎర్రజెండా కప్పాం, పాట పాడాం, అంబులెన్సు ఎక్కించాం. అంతే.

మాకు మతం అడ్డు లేదు కాబట్టి సమస్య లేదనుకున్నాను. ఏడాది తిరిగాక అమ్మ అడిగింది, "మీ నాన్న ఇప్పుడు ఎక్కడున్నాడ్రా?" అని. నాకు జవాబు లేదు. సమాధి లేదు, బూడిద లేదు, నదిలో కలిపిన జ్ఞాపకం లేదు. ఒక హాల్లో, ఒక బల్ల మీద. దీపం పెట్టుకోవడానికి చోటు లేదు. అమ్మ కూడా నమ్మకం ఉన్న మనిషి కాదు. అయినా అడిగింది. కర్మకాండని తీసేసినప్పుడు ఆ ఖాళీలో ఇంకేదో పెట్టాలని మాకు తట్టలేదు. ఇది నేను పార్టీ మిత్రులకీ చెప్పాను.

బోధిచెట్టు | ఫిబ్రవరి 7, రాత్రి 10:14

నల్లమల గారూ, దీనికి తైవాన్‌లో ఒక దారి కనిపెట్టారు. హువాలియన్‌లో త్జు చీ అనే బౌద్ధ సంస్థ నడిపే విశ్వవిద్యాలయంలో వైద్య కళాశాల ఉంది. దేహదానం చేసినవారిని అక్కడ "మౌన గురువులు" అంటారు. పాఠం మొదలయ్యేలోగా విద్యార్థులు ఆ కుటుంబం ఇంటికి వెళ్లి, ఆ మనిషి ఎలా బతికాడో అడిగి తెలుసుకుంటారు. పేరు, జీవితకథ హాల్లో రాసి పెడతారు. చదువు పూర్తయ్యాక కోసినదంతా విద్యార్థులే తిరిగి కుట్టి, బట్టలు కట్టి, కుటుంబంతో కలిసి దహనానికి మోసుకెళ్తారు. మన మెడికల్ కాలేజీల్లో ఇందులో సగం చేసినా మీ అమ్మగారికి జవాబు దొరికేది.

నల్లమల | ఫిబ్రవరి 7, రాత్రి 10:31

ఆ కాలేజీకి ఉత్తరం రాస్తాను. కనీసం ఒక ఫొటో పెట్టమని.

డల్లాస్ తెలుగు | ఫిబ్రవరి 9, ఉదయం 7:45

ఆలస్యంగా చూశాను. ఇక్కడ డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడే అవయవదానం చేస్తారా అని అడుగుతారు. అవునంటే కార్డు మీద చిన్న గుండె బొమ్మ వస్తుంది. నేను ఆలోచించకుండా అవునన్నాను. మతం గుర్తు కూడా రాలేదు. కానీ మన దేశంలో, మా ఊళ్లో అమ్మ పోయినప్పుడు "నేను వచ్చేదాకా ఐస్ బాక్స్‌లో ఉంచండి" అని ఫోన్లో అరిచాను. అమ్మ కళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను కూడా. నేను వచ్చి చూసేసరికి అమ్మ మొహం మారకూడదు, అంతే నా ఆలోచన.

మా ఆఫీసులో యూదు సహోద్యోగి ఒకతను ఉన్నాడు. వాళ్లలోనూ బ్రెయిన్ డెత్ మీద రబ్బీలు రెండుగా చీలిపోయారట. 1986లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల మండలి ఒప్పుకున్నా, ఊపిరి కాదు, గుండె ఆగితేనే చావు అనే వర్గం ఇప్పటికీ బలంగా ఉంది. దాంతో ఇచ్చేవాళ్లు తగ్గి, ఆ దేశం 2008లో ఒక చట్టం చేసింది. ముందే దాతగా పేరు రాయించుకున్నవాళ్లకి, అవయవం కావాల్సి వచ్చినప్పుడు వరసలో ప్రాధాన్యం ఉంటుంది. చార్మినార్ గల్లీ గారు చెప్పిన ఆ బాధే అక్కడ చట్టమైందన్నమాట.

ఆరో వార్డు | ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 3:20

డల్లాస్ గారూ, ముందు కళ్లు తీసుకుని ఆ తర్వాత ఐస్ బాక్స్‌లో ఉంచొచ్చు. మీరు రెండు రోజులకి వచ్చి చూసినా తేడా తెలియదు. విదేశాల్లో పిల్లలున్న ఇళ్లన్నిటికీ ఈ మాట చేరాలి.

కృష్ణాతీరం | ఫిబ్రవరి 26, సాయంత్రం 6:05

మూడు వారాలైంది. ప్రతి పోస్టూ రెండుసార్లు చదివాను.

నిన్న నాన్న రెండో మాసికం. అదే పంతులుగారు వచ్చారు. మాసికం పని మొదలుపెట్టకముందే గోదారిగట్టు గారి పోస్టు ఫోన్లో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. పిండాల సంగతి దగ్గర మళ్లీ వెనక్కి వెళ్లి చదివారు. ఏమీ అనలేదు. భోజనాలయ్యాక పెదనాన్న దగ్గర కూర్చుని, "ఆ రోజు నేను చెప్పాల్సింది చెప్పలేదండీ. శాస్త్రంలో అభ్యంతరం లేదు" అన్నారు. పెదనాన్న చాలాసేపు కింద చూస్తూ ఉండిపోయారు. "అయితే వాడి మాట నేనే కాదన్నానా?" అని అడిగారు. ఎవరమూ మాట్లాడలేకపోయాం. ఆయన్ని అలా చూడాలని నేను ఇది చేయలేదు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

అమ్మ ఫారం నింపింది. నేనూ, తమ్ముడూ నింపాం. ఐ బ్యాంకు నంబరు వంటింట్లో క్యాలెండరు మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాం, గంటస్తంభం గారు చెప్పింది మా ఇంట్లో జరగకూడదని.

పెదనాన్న మాత్రం సంతకం చేయలేదు. బస్సు ఎక్కేముందు నాతో, "నా చేత్తో పెట్టలేనమ్మా. నేను పోయాక మీ ఇష్టం" అన్నారు.

ఆరో వార్డు | ఫిబ్రవరి 26, రాత్రి 11:48

అది వద్దన్నమాట కాదమ్మా. బతికుండగా ఆయన వద్దనకుండా, ఆ సమయానికి దగ్గరి బంధువులెవరూ కాదనకుండా ఉంటే చట్టప్రకారం ఇంట్లోవాళ్లు ఇవ్వొచ్చు. ఆయన ఆ మాట ఏ రోజు అన్నారో, ఎవరెవరు విన్నారో రాసి పెట్టుకోండి. ఆయన పిల్లలతో కూడా ఒకసారి చెప్పించండి. ఆ రోజు సంతకం పెట్టాల్సింది వాళ్లే.

కృష్ణాతీరం | ఫిబ్రవరి 27, ఉదయం 5:50

ఆయనకి పిల్లలు లేరండి. పెద్దమ్మ కూడా లేదు. కొరివి పెట్టాల్సింది మా తమ్ముడే. వాడికి రాత్రే చెప్పాను.